కోవిడ్ మరణాలు: బులెటిన్ లెక్క ఎంత, రిజిస్టర్ లెక్క ఎంత

ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ వల్ల చనిపోయినవారు 14,733 మంది. ఇది రాష్ట్ర ఆరోగ్యశాఖ రోజువారీ బులెటిన్లలో ఇచ్చిన లెక్క. ఈ అంకెను విజయవాడలోనో గుంటూరులోనో ఎవరి ముందు చెప్పినా మొదట వచ్చే మాట "ఇంతేనా?" అనే. 2021 ఏప్రిల్, మే నెలల్లో తమ వీధిలో ఎన్ని ఇళ్లలో చావు జరిగిందో, బంధువుల్లో ఎంతమంది పోయారో జనం మర్చిపోలేదు. దీనికి పూర్తిగా ఎదురు నడిచే అనుమానం కూడా ఊళ్లో ఉంది. గుండెపోటుతో పోయినవాళ్లనూ, షుగరు ముదిరి పోయినవాళ్లనూ పరీక్షలో పాజిటివ్ వచ్చిందని కోవిడ్ ఖాతాలో రాసేశారని కొందరి నమ్మకం. ఒకే కుటుంబంలో అన్నదమ్ములిద్దరు ఈ రెండు వాదనలతో ఎదురెదురుగా కూర్చోవడం కొత్తేమీ కాదు.

రెండూ అనుమానాలే అయినా రెంటికీ ఒకే బలం లేదు. ఏది ఎంతవరకు నిజమో తేల్చే ఆధారం ప్రభుత్వం దగ్గరున్న పుస్తకాల్లోనే ఉంది. ఆ పుస్తకాన్ని జనం ముందు ఎప్పటికప్పుడు తెరిచి పెట్టకపోవడం వల్లే అనుమానం ఇన్నేళ్లు నిలిచిపోయింది.

రాష్ట్రంలో తొలి కోవిడ్ మరణం విజయవాడలోనే నమోదైంది. ఆ రోగి 2020 మార్చి 30న ప్రభుత్వాసుపత్రిలో చేరిన కాసేపటికే ప్రాణం పోయింది. అది కోవిడ్ మరణమని ప్రభుత్వం ప్రకటించింది ఏప్రిల్ 3న. శాంపిల్ ఫలితం రావాలి, కారణం నిర్ధారించాలి, అప్పుడే జాబితాలో చేరుతుంది. తొలి కేసులో పడిన ఆ నాలుగు రోజుల ఎడంలోనే లెక్కింపు పద్ధతి మొత్తం కనిపిస్తుంది. మనిషి చనిపోవడం ఒక ఘటన, ఆ చావు బులెటిన్‌లోకి ఎక్కడం మరో ప్రక్రియ. మధ్యలో పరీక్ష ఉంది, ఆసుపత్రి ఉంది, జిల్లా అధికారులు ఉన్నారు. వీటిలో ఏ ఒక్క మెట్టు తప్పినా మనిషి పోతాడు గానీ అంకె మారదు.

2021 మేలో ఆ మెట్లు తప్పినవారే ఎక్కువ. ఆర్టీపీసీఆర్ ఫలితం రావడానికి రోజులు పట్టేది. ఈలోపు సీటీ స్కాన్ తీయించి, ఊపిరితిత్తుల్లో తెల్లమచ్చలు చూసి, స్కోరును బట్టి మందులు మొదలుపెట్టేవారు. పరీక్షలో నెగెటివ్, స్కాన్‌లో కోవిడ్ లక్షణాలు ఉన్న రోగి చనిపోతే బులెటిన్‌లోకి వెళ్లడం కష్టం. మంచం దొరక్క ఇంట్లోనే ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని పోయినవారు, అంబులెన్సులోనే పోయినవారు, పల్లెల్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటూ పోయినవారు పరీక్ష దాకా వెళ్లలేదు. వైరస్ తగ్గి నెగెటివ్ వచ్చిన తర్వాత పాడైన ఊపిరితిత్తులతో మూడు వారాలు పోరాడి పోయినవారిది ఇంకో కథ. చావుకు మూలం కోవిడే అయినా చివరి రిపోర్టు మీద నెగెటివ్ అని ఉంటుంది.

వీటన్నిటికీ దొంగలెక్క అని పేరు పెట్టనక్కర్లేదు. బులెటిన్ లెక్కపెట్టింది పరీక్షలో తేలి, ఆసుపత్రి నుంచి రిపోర్టు అంది, అధికారులు ఒప్పుకున్న మరణాలను. అసలు తప్పు ఆ అంకెను "కోవిడ్‌తో చనిపోయినవారి సంఖ్య" అని ప్రకటించడంలో జరిగింది. "ఇప్పటిదాకా నిర్ధారణ అయినవి మాత్రమే, అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది" అని రోజూ ఒక్క వాక్యం రాసి ఉంటే ప్రభుత్వం మీద నమ్మకం పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

ఇక కారణం ఎలా రాస్తారో దగ్గరగా చూడాలి, ఎందుకంటే రెండో అనుమానానికి జవాబు అక్కడుంది. ఆసుపత్రిలో రోగి చనిపోతే డాక్టరు నింపే పత్రం ఫారం 4. ఇంటి దగ్గర పోతే, చివరిగా వైద్యం చేసిన డాక్టరు నింపేది ఫారం 4ఏ. ఈ ఫారంలో మరణ కారణం రాసే చోటు రెండు భాగాలు. మొదటి భాగంలో ఒకదాని కింద ఒకటి వరుసలుంటాయి. పై వరుసలో ప్రాణం తీసిన తక్షణ పరిస్థితి, దాని కింద దానికి దారితీసింది, అట్టడుగున అన్నిటికీ మొదలైన జబ్బు. రెండో భాగంలో పరిస్థితిని దిగజార్చిన ఇతర జబ్బులు. నందిగామ దగ్గర ఒక పల్లెకు చెందిన రైతు, షుగరు ఉన్నవాడు, పదిరోజుల జ్వరంతో విజయవాడ వచ్చి ఐసీయూలో పోయాడనుకుందాం. సరిగ్గా రాస్తే పై వరుసలో శ్వాస వైఫల్యం, దాని కింద న్యుమోనియా, అట్టడుగున కోవిడ్ రావాలి. షుగరు రెండో భాగానికి పోతుంది. గణాంకాల్లో లెక్కకు తీసుకునేది అట్టడుగు వరుసనే. భారత వైద్య పరిశోధన మండలి 2020లోనే డాక్టర్లకు ఈ మార్గదర్శకాలు ఇచ్చింది. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నంత మాత్రాన కోవిడ్ మరణం కాకుండా పోదని అందులో స్పష్టంగానే ఉంది.

అదే ఫారంలో వార్డులో అలసిపోయిన డ్యూటీ డాక్టరు మొదటి వరుసలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసి సంతకం పెట్టేస్తే? గుండె, ఊపిరి ఆగకుండా ఎవరూ చనిపోరు. అది కారణమే కాదు, చావుకు మరో పేరు. ఇలాంటి పత్రాలు కోవిడ్‌కు ముందు నుంచీ ఉన్నాయి. పైగా దేశంలో నమోదయ్యే మరణాల్లో డాక్టరు ధ్రువీకరించిన కారణం ఉన్నవి 2019లో 20.7 శాతం, 2020లో 22.5 శాతం మాత్రమే. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఎందుకు చనిపోయారో వైద్యపరంగా రాసిపెట్టిన కాగితమే లేదు. మహమ్మారి రాకముందే మన దగ్గర కారణాల గడి ఖాళీగా ఉంది. వచ్చిన తర్వాత ఆ ఖాళీలో ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకున్నారు.

కోవిడ్ ఖాతాలో ఎక్కువ రాశారా అనేదానికి ఆ ఖాళీ గడే చాలావరకు జవాబు. పాజిటివ్ ఉన్నంత మాత్రాన ప్రతి చావూ కోవిడ్ కింద రాలేదు. ప్రమాదం, హత్య, విషప్రయోగం వంటివాటిని కేంద్ర మార్గదర్శకాలు పక్కన పెట్టాయి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేర్ సెంటర్‌గా వాడుతున్న హోటల్లో మంటలు రేగి 10 మంది చనిపోయారు. వాళ్లు కోవిడ్ చికిత్స కోసం చేరినవారే, కానీ చంపింది అగ్నిప్రమాదం. ఇలాంటి తేడా పాటించాలనే నియమం ఉంది. కొన్ని పత్రాల్లో అది తప్పి, గుండెపోటుతో పోయినవారు కోవిడ్ జాబితాలో చేరి ఉండొచ్చు. కాకపోతే ఆ పొరపాట్లు వందల్లో ఉన్నాయనుకున్నా, రెండోవైపు తప్పిపోయినవి ఏ స్థాయిలో ఉన్నాయో చూస్తే ఈ వాదన నిలబడదు.

ఆ స్థాయి తెలియాలంటే కారణం సంగతి వదిలేసి శవాలను లెక్కపెట్టాలి. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం ప్రతి చావునూ 21 రోజుల్లో నమోదు చేయించాలి. పట్టణంలో మున్సిపాలిటీ, పల్లెలో పంచాయతీ. ఈ రిజిస్టర్‌కు కోవిడ్ అయినా, పాముకాటు అయినా, ముసలితనం అయినా ఒకటే. ఆస్తి మార్పిడికి, ఇన్సూరెన్సుకు, భర్త పోయిన ఆడవాళ్ల పింఛనుకు డెత్ సర్టిఫికెట్ తప్పనిసరి కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది నమోదు చేయిస్తారు. మామూలు నెలల్లో ఎన్ని చావులు ఉండేవి, మహమ్మారి నెలల్లో ఎన్ని ఉన్నాయి, తేడా ఎంత అని తీస్తే వచ్చేదాన్ని గణాంక నిపుణులు అదనపు మరణాలు అంటారు. పరీక్ష జరిగిందా, పాజిటివా, నెగెటివా అనే తగాదా ఇక్కడ లేదు.

2021 జూన్‌లో జర్నలిస్టులు రాష్ట్ర పౌర నమోదు వ్యవస్థ, అంటే ఈ రిజిస్టర్ల వివరాలు బయటికి తెచ్చారు. మామూలు సంవత్సరాల్లో మే నెలకు రాష్ట్రంలో సుమారు 27 వేల మరణాలు నమోదయ్యేవి. 2021 మేలో సుమారు 1.3 లక్షలు. దాదాపు ఐదు నెలల చావులు ఒక్క నెలలో. తేడా లక్ష దాటింది. అదే నెలకు కోవిడ్ మరణాలని ఆరోగ్యశాఖ బులెటిన్లు చెప్పింది మూడు వేల లోపు.

ఈ అంకెను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఏప్రిల్‌లో పోయినవారి నమోదు కొంత మేలో జరిగి ఉండొచ్చు. కోవిడ్ భయంతో డయాలసిస్‌కు వెళ్లలేక, గుండెనొప్పి వచ్చినా ఆసుపత్రిలో మంచం దొరక్క పోయినవారు కూడా ఆ లక్షలో ఉన్నారు. వాళ్లను చంపింది వైరస్ కాదు, వైరస్ వల్ల కూలిపోయిన వైద్యం. ఈ సర్దుబాట్లన్నీ చేసినా మూడు వేలకూ లక్షకూ మధ్య దూరం పూడదు. జనం "ఇంతేనా?" అని అడగడంలో న్యాయం ఉందని చెప్పడానికి ఈ ఒక్క నెల చాలు.

దేశం మొత్తానికీ ఇదే తీరు. 2020లో 81.16 లక్షల మరణాలు నమోదయ్యాయి, 2021లో సుమారు 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి. 2021లో అధికారిక కోవిడ్ మరణాలు దాదాపు 3.3 లక్షలు. జనాభా పెరుగుదల, నమోదు మెరుగుపడటం కొంత భాగాన్ని వివరిస్తాయి. అంత పెద్ద గంతును అవి మోయలేవు. ఇంకా ఆలోచించాల్సిన విషయం ఏమిటంటే, డాక్టర్లు ధ్రువీకరించిన ఆ కొద్దిపాటి మరణాల్లోనే, అంటే మొత్తంలో నాలుగో వంతుకన్నా తక్కువలోనే, 2021కి కోవిడ్ అని రాసినవి సుమారు 4.13 లక్షలు. ప్రభుత్వంలోని ఒక శాఖ చిన్న గిన్నెలో కొలిస్తే వచ్చింది, మరో శాఖ మొత్తం ప్రకటించినదానికన్నా ఎక్కువ. ఈ వివరాలు బయటికి వచ్చింది 2025 మేలో, నాలుగేళ్లు గడిచాక.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే 5న విడుదల చేసిన అంచనాలో 2020, 2021 రెండేళ్లలో భారత్‌లో అదనపు మరణాలు 47 లక్షలు. కేంద్రం దాన్ని ఒప్పుకోలేదు. గణిత నమూనాలు భారత్ లాంటి దేశానికి వర్తించవని, మా దగ్గర పౌర నమోదు వ్యవస్థ ఉందని వాదించింది. అంతకు రెండు రోజుల ముందే 2020 నమోదు నివేదికను విడుదల చేసింది కూడా. వాదనలో ఒక సబబు ఉంది: నమూనా ఎంత మంచిదైనా అసలు లెక్కకు సాటిరాదు. అయితే ఆ మాట అన్నవాళ్లు 2021 రిజిస్టర్‌ను వెంటనే చూపించి ఉండాల్సింది. రెండో వేవ్ వచ్చిన ఏడాది లెక్కను దాచిపెట్టి, మొదటి ఏడాది లెక్కతో వాదించడం ఎవరినీ ఒప్పించలేకపోయింది.

అనుమానాన్ని డబ్బు రూపంలో కొలిచే అవకాశం ఒకసారి వచ్చింది. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు, కోవిడ్ మృతుల కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా ఇచ్చేలా మార్గదర్శకాలు రూపొందించమని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థను ఆదేశించింది. ఒక్కో మరణానికి 50,000 రూపాయలుగా తేలింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం నిర్వచనాన్ని సడలించింది. పాజిటివ్ తేలిన, లేదా వైద్యపరంగా కోవిడ్ అని నిర్ధారించిన రోజు నుంచి 30 రోజుల్లోపు చనిపోతే, ఇంట్లో పోయినా సరే, కోవిడ్ మరణమే. ఆసుపత్రిలో ఉండగా 30 రోజులు దాటి పోయినా అంతే.

2022 జనవరికి ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తులు 36 వేలు దాటాయి. అప్పటికి అధికారిక మరణాలు 14 వేల పైచిలుకు. తెలంగాణలో అధికారిక మరణాలు నాలుగు వేలు, దరఖాస్తులు దాదాపు 29 వేలు. గుజరాత్‌లో పది వేలకు దాదాపు 90 వేలు. మన రాష్ట్రంలో అప్పటికి డబ్బు అందింది సుమారు 11 వేల కుటుంబాలకే కావడంతో జనవరి 19న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్, బిహార్ ప్రధాన కార్యదర్శులను పిలిపించి జాప్యానికి కారణం అడిగింది. దొంగ దరఖాస్తులు రాలేదా అంటే, ఆ అనుమానమూ కోర్టు ముందుకొచ్చింది. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం దరఖాస్తులను తనిఖీ చేసుకోవడానికి కేంద్రానికి అనుమతి ఇచ్చింది. కొన్ని నకిలీలు ఉన్నాయనుకున్నా, దరఖాస్తులు అధికారిక సంఖ్యకు రెండింతలు దాటిన చోట తేడా మొత్తాన్ని మోసం కింద కొట్టేయడం ఆ కుటుంబాలకు అన్యాయం. పైగా కాగితాలు సంపాదించలేక దరఖాస్తే చేయనివారు ఈ 36 వేలల్లో లేరు.

కాగితాల బాధ ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. మున్సిపాలిటీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్‌లో మరణ కారణం ఉండదు. జనన మరణాల నమోదు చట్టంలోని 17వ సెక్షనే కారణాన్ని బయటపెట్టకూడదంటుంది. ఒకప్పుడు ఎయిడ్స్ వంటి జబ్బుతో పోయినవారి కుటుంబానికి అది రక్షణ. కోవిడ్‌లో అదే గోడ అయింది. కారణం రాసిన ఫారం 4 ఆసుపత్రి నుంచి రిజిస్ట్రారుకు వెళ్లిపోయింది, ఇంటివాళ్ల చేతికి రాలేదు. భర్త ఎందుకు పోయాడో భార్యకు తెలుసు, వార్డు సచివాలయంలో కూర్చున్నవారికీ తెలుసు, నిరూపించే కాగితం మాత్రం లేదు.

విజయవాడ, గుంటూరు లెక్కలను చూసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. మరణం జరిగిన చోటే నమోదు అవుతుంది, సొంత ఊళ్లో కాదు. ఈ రెండు నగరాల ఆసుపత్రులకు పల్నాడు నుంచి, ఏలూరు వైపు నుంచి, ప్రకాశం నుంచి, తెలంగాణలోని నల్గొండ, ఖమ్మం పల్లెల నుంచి కూడా రోగులు వస్తారు. వాళ్లు ఇక్కడ పోతే ఇక్కడి కార్పొరేషన్ రిజిస్టర్‌లోకి ఎక్కుతారు. అందువల్ల నగరం లెక్క దాని జనాభాకు మించి ఉబ్బుతుంది, వాళ్ల సొంత ఊరి పంచాయతీ పుస్తకంలో ఆ చావు కనిపించదు. మా ఊళ్లో ఇరవై మంది పోతే రికార్డులో ఐదుగురే ఉన్నారని ఒక పల్లెవాసి అంటే, మిగతా పదిహేను మంది పేర్లు గుంటూరులోనో విజయవాడలోనో ఉండొచ్చు.

శ్మశానాల లెక్కతో వాదించేవారు కూడా ఈ మెలికను పట్టించుకోవాలి. కృష్ణలంక స్వర్గపురిలోనూ, గుంటూరు బొంగరాలబీడులోనూ ఆ రోజుల్లో కాలిన చితులు నిజం. అందులో పరాయి ఊళ్లవారూ ఉన్నారు. సొంత ఊరికి తీసుకెళ్లిన శవాలు, ఖబరస్తాన్లలో, క్రైస్తవ శ్మశానాల్లో పూడ్చినవి అందులో లేవు. శ్మశానం లెక్క జరిగిన ఘోరానికి సాక్ష్యం చెబుతుంది గానీ సంఖ్య చెప్పలేదు.

జిల్లాల విభజన ఈ పనిని మరింత కష్టం చేసింది. 2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లా నుంచి విజయవాడతో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది, కొంత భాగం ఏలూరుకు పోయింది. పాత గుంటూరు నుంచి పల్నాడు విడిపోయింది, మరికొంత ప్రకాశంలోని కొంత భాగంతో కలిసి బాపట్ల అయింది. 2019 గుంటూరును నేటి గుంటూరుతో పోల్చితే అంకె తప్పే వస్తుంది. మండలాల వారీగా నెలనెలా వివరాలు ఇస్తేనే పాత సరిహద్దుల్లో మళ్లీ కూడుకోవచ్చు.

ఈ దేశానికి ఇలాంటి అనుభవం ఇదే మొదటిది కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. చావులు రాయాల్సిన గ్రామాధికారులే జ్వరాన పడ్డారు. దేశంలో సుమారు 60 లక్షల మంది పోయారని బ్రిటిష్ ఆరోగ్యాధికారుల తొలి అంచనా. అసలు ఘోరం ఎంతో 1921 జనాభా లెక్కల్లో బయటపడింది. 1911లో 25.2 కోట్లున్న జనాభా పదేళ్లలో పెరగకపోగా 25.1 కోట్లకు తగ్గింది. తర్వాతి పరిశోధకులు 1.2 కోట్ల నుంచి 2 కోట్ల దాకా అంచనా వేయగలిగారంటే ఆ లెక్కల పుణ్యమే. ఈసారి 2021లో జరగాల్సిన జనాభా లెక్కలే వాయిదా పడ్డాయి, 2027కు వెళ్లాయి. ఆరేళ్ల తర్వాత ఇంటికొచ్చిన ఎన్యూమరేటరుకు, మధ్యలో పోయినవారి గురించి చెప్పేవాళ్లు కొన్ని ఇళ్లలో మిగిలి ఉండరు.

జనన మరణాల నమోదు చట్టంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2023 సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆసుపత్రిలో మరణం జరిగితే కారణం రాసిన పత్రాన్ని ఉచితంగా రిజిస్ట్రారుకు పంపాలి, ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఈ హక్కు ఉందని తెలిసినవారు తక్కువ. శవాన్ని తీసుకెళ్లే తొందరలో బిల్లు, డిశ్చార్జ్ కాగితాలు తీసుకుని వచ్చేస్తారు. ఆ పత్రం అడిగి తీసుకుని, అట్టడుగు వరుసలో ఏం రాశారో అక్కడే చదివించుకోవాలి. పొరపాటు ఉంటే డాక్టరు ఎదురుగా ఉన్నప్పుడే సరిచేయించుకోవడం తేలిక. రిజిస్టర్‌లో ఎక్కిన తర్వాత కూడా 15వ సెక్షన్ కింద తప్పును సవరించమని రిజిస్ట్రారును కోరవచ్చు.

ప్రభుత్వం వైపు నుంచి కావలసింది కొత్త కమిటీ కాదు. పౌర నమోదు పోర్టల్‌లో ప్రతి మరణం తేదీతో, మండలంతో ఇప్పటికే ఉంటుంది. పేర్లు తీసేసి, చనిపోయినవారి సొంత మండలం, నెల, వయసు, ఆడా మగా అనే వివరాలతో 2018 నుంచి నేటిదాకా బయట పెడితే, విజయవాడ నగరం ఎంతమందిని పోగొట్టుకుంది, పల్నాడు పల్లెలు ఎంతమందిని పోగొట్టుకున్నాయి అనేది కళాశాల విద్యార్థులు కూడా కూడిక తీసివేతలతో తేల్చగలరు. ఇకముందు ఏ నెలలోనైనా చావులు ఉన్నట్టుండి పెరిగితే ఆ పెరుగుదల నాలుగేళ్ల తర్వాత వచ్చే నివేదికలో కాకుండా మరుసటి నెలలోనే జిల్లా వైద్యాధికారి కంట పడుతుంది.